ఊకదంపుడు

వెనక బెంచీలోంచి వచ్చే మాటకు మేష్టరు నొచ్చుకోకూడదంటారు. నేను నొచ్చుకున్నాను. ఆవేళ రెండో సంవత్సరం విద్యార్థులకు మనుచరిత్రలో అరుణాస్పదపుర వర్ణన చెబుతున్నాను. ఆ పట్నపు మేడల తెల్లదనం చంద్రమండలం దాకా పాకి, అక్కడున్న జింకను కూడా తెల్లబరిచిందని పెద్దన అతిశయోక్తి. 'సౌధం' అనే మాట 'సుధ' నుంచి వచ్చిందనీ, సుధ అంటే అమృతమే గాక సున్నం కూడాననీ, సున్నం పూసిన కట్టడం గనక సౌధమయిందనీ నేను విడమరచి చెబుతూ వుంటే, గొంతు తగ్గించటం తెలియని పిల్లవాడెవరో వెనకనించి "ఊకదంపుడు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. గంట కూడా అప్పుడే కొట్టారు.

స్టాఫురూములో యీ సంగతి చెప్పుకుని మనసు తేలిక చేసుకుందామనుకుంటే మా కెమిస్ట్రీ లెక్చరరు నవ్వనైనా నవ్వలేదు. "మేష్టారూ, పది రోజులుగా నేను అక్షరాలా ఆ పనే చేస్తున్నాను. వచ్చి చూడండి" అని లాబొరేటరీకి తీసుకుపోయాడు. అక్కడ ఒక యినప రోలూ, రోకలీ. రోట్లో బూడిదరంగు పొడి. ఊకను కాల్చిన బూడిద అది. దాన్ని మెత్తగా దంచి, వస్త్రగాళితం పట్టి, సున్నంతో కలిపి, అరచెయ్యంత దిమ్మలు పోసి, తడి గోనెల కింద వరసగా పేర్చాడు.

అతను చెప్పింది నాకు అర్థమయిన మేరకు చెబుతాను. ధాన్యం బరువులో సుమారు అయిదో వంతు ఊక. ఊకను కాలిస్తే మళ్లీ అందులో అయిదో వంతు బూడిద మిగులుతుంది. వెయ్యి కిలోల ధాన్యం మరపడితే 200 కిలోల ఊక, దాన్ని కాలిస్తే 40 కిలోల బూడిద. తక్కిన మొక్కల బూడిద లాంటిది కాదు యిది. వరి నేలలోంచి నీటితో పాటు సిలికాను పీల్చుకుని గింజ పైపొరలో దాచుకుంటుంది. అందువల్ల ఊకబూడిదలో నూటికి 85 నించి 95 పాళ్లు సిలికాయే. 700 డిగ్రీలు దాటని మంట మీద కాలిస్తే ఆ సిలికా స్ఫటికం కట్టకుండా వుంటుంది. అటువంటి సిలికా సున్నంతో, నీళ్లతో కలిసి రాయిలా బిగుసుకుంటుంది. సిమెంటు గట్టిపడేటప్పుడు పుట్టే పదార్థమే యిక్కడా పుడుతుంది. మంట యెక్కువయితే సిలికా స్ఫటికమై మొద్దుబారిపోతుంది, సున్నంతో సరిగా కలవదు. మరొక సంగతి: బూడిదను యెంత మెత్తగా నూరితే అంత చురుకుగా పనిచేస్తుంది.

అంటే ఊకను దంచటం దండగ అని తరతరాలుగా మనం చెప్పుకునే జాతీయం రసాయనశాస్త్రం ముందు నిలవదన్న మాట. మరునాడు క్లాసులో యీ మాట చెప్పి ఆ పిల్లవాడి మీద గెలిచాను. అంతటితో ఆ విషయం అయిపోయి వుండవలసింది. అవలేదు. ఆ రోటి దగ్గర నిలబడినప్పుడు నాకు మా అమ్మమ్మ గోడ గుర్తొచ్చింది. ఆ గోడ కూల్చినవాణ్ణి నేను.

మా అమ్మమ్మగారి వూరు దివిసీమకు కొంచెం పైన. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. వీళ్ల వూరి దాకా సముద్రం రాలేదు. గాలీ వానా వచ్చాయి. తాటాకు కప్పు యెగిరిపోయింది, కప్పు పోగానే మట్టిగోడలు నాని కూలిపోయాయి. మరుసటి వేసవిలో వాళ్లు మళ్లీ గోడలు పెట్టుకున్నారు. అప్పటికి మా అమ్మకు పదేళ్లు. ఆ గోడ యెలా లేచిందో అమ్మ నాకు చాలాసార్లు చెప్పింది. చిన్నప్పుడు కథలాగా విన్నాను, పెద్దయ్యాక వినటం మానేశాను.

కాలవగట్టు ఒండ్రుమట్టి తెచ్చి గుంటలో పోశారు. ఒట్టి నల్లరేగడి పనికిరాదు. తడిస్తే వుబ్బుతుంది, యెండితే నోళ్లు తెరుస్తుంది. అందుకని యిసకపాలు యెక్కువున్న మట్టి సగానికి సగం కలిపారు. నీళ్లు పెట్టి ఒక రాత్రి నానబెట్టారు. తెల్లారి దాని మీద జానెడు ముక్కలుగా నరికిన వరిగడ్డి, తట్టలకొద్దీ ఊక చల్లి తొక్కటం మొదలుపెట్టారు. తొక్కి, పారతో తిరగేసి, మళ్లీ గడ్డి చల్లి, మళ్లీ తొక్కి, కుప్పచేసి, తడిగోనె కప్పి మూడు నాలుగు రోజులు వుంచారు. గడ్డి కుళ్లి వాసన వచ్చిన తర్వాతనే ఆ మట్టికి జిగురు వస్తుందని అమ్మమ్మ నమ్మకం. ఆ తర్వాత ముద్దలు చేసి చేతులు మార్చుకుంటూ అందించి మూరెడు యెత్తు గోడ పెట్టారు. అది యెండితే గాని దాని మీద మరో వరస పెట్టరాదు. తొందరపడితే కింది వరస కడుపు వుబ్బి వాలిపోతుంది. యింటెత్తు గోడకు నెలకు పైన పట్టింది. ఆ నెలంతా తొక్కినవాళ్లు అమ్మమ్మ, ఆమె తోటికోడలు, మా అమ్మ, వీధిలో మరో యిద్దరు ఆడవాళ్లు. వాళ్ల యిళ్ల గోడలకు వీళ్లు వెళ్లి తొక్కారు. మగవాళ్లు ముద్దలు పెట్టారు. గోడ పెట్టినవాడిని మేస్త్రీ అన్నారు. తొక్కినవాళ్లకు పేరు లేదు.

ఆ గడ్డీ ఊకా యేం చేస్తాయో మా మిత్రుడు చెబితే తెలిసింది. బంకమట్టి యెండేటప్పుడు కుంచించుకుపోతుంది; కుంచించుకుపోతే చీలుతుంది. గడ్డిపోచలు ఆ చీలికను ఒకచోట పెద్దది కానివ్వక, కంటికి ఆనని వెయ్యి చీలికలుగా పంచేస్తాయి. ఊక మట్టిని గుల్లబరిచి, లోపలి తడి బయటికి పోవటానికి దారి యిస్తుంది. గోడ బరువూ తగ్గుతుంది. సిలికా పొర వున్నందువల్ల ఊక గడ్డిలాగా త్వరగా కుళ్లదు. గోడలో చిక్కుకున్న గాలి వేడిని లోపలికి తొందరగా రానివ్వదు. కుళ్లిన గడ్డిలోంచి వచ్చే జిగురు సంగతి కూడా అమ్మమ్మ నమ్మకమే కాదట. పరిశోధకులు దాన్ని వేరే పేర్లతో రాసుకున్నారు.

ఊకా గడ్డీ మట్టిలో కలపటం మనవాళ్ల ఘనత అని చంకలు కొట్టుకోవటానికి వీల్లేదు. వరో, గోధుమో, బార్లీయో పండి, కలప కరువయిన ప్రతిచోటా మనుషులు యీ పని చేశారు. బైబిలు నిర్గమకాండము అయిదో అధ్యాయంలో ఒక ఘట్టం వుంది. దాన్ని భక్తిగ్రంథంగా చదివినవాళ్లకు అది దేవుడి కథ. నాకు మాత్రం కూలీల తగాదాగా కనబడుతుంది. యిశ్రాయేలీయులు ఫరోకు వెట్టిచాకిరీగా యిటుకలు చేస్తూ వుంటారు. యిటుకమట్టిలో కలిపే గడ్డి సర్కారు యిస్తూ వుంటుంది. వాళ్లు తమ దేవుణ్ణి కొలుచుకోవటానికి సెలవడగగానే ఫరో గడ్డి ఆపేస్తాడు. రోజుకు చెయ్యవలసిన యిటుకల లెక్క మాత్రం తగ్గించడు. జనం దేశమంతా చెల్లాచెదరై కొయ్యకాళ్లు యేరుకుంటారు, లెక్క తగ్గినందుకు వాళ్ల మీది నాయకులు దెబ్బలు తింటారు. పొలంలో పడివుండే కొయ్యకాలుకు విలువ లేదని యెవరన్నారు? అది యివ్వకపోవటమే శిక్షగా వాడుకున్నాడు ఒక రాజు.

అదే యీజిప్టులో, నైలు నది పడమటి గట్టున, 1945లో హసన్ ఫాతీ అనే వాస్తుశిల్పి పేదలకోసం ఒక వూరు కట్టటం మొదలుపెట్టాడు. పేరు కొత్త గుర్నా. గడ్డి కలిపిన పచ్చి యిటుకలు, కలప అక్కర్లేని మట్టి కమానులు. ఆ కమానులు కట్టే నేర్పు మరిచిపోకుండా నిలుపుకున్న నూబియా మేస్త్రీలను వెతికి తెచ్చాడు. వూరు అందంగా లేచింది. జనం రాలేదు. వాళ్లు పాత గుర్నాలో ప్రాచీన సమాధుల మీద కాపురాలుండేవాళ్లు. ఆ సమాధుల చుట్టూ తిరిగే వ్యాపారమే వాళ్ల తిండి. వాళ్లను అక్కణ్ణించి లేవగొట్టటానికే సర్కారు యీ వూరు కట్టిస్తోందని వాళ్లకు తెలుసు. 1948లో పని ఆగిపోయింది. ఫాతీ తర్వాత రాసిన పుస్తకం ప్రపంచమంతటా వాస్తువిద్యార్థులు చదువుతారు. మట్టి చవక అని అతను రుజువు చేశాడు. ఆ చవక యిల్లు యెవరికోసం, యెవరి ఉత్తరువు మీద అన్న ప్రశ్న మాత్రం గుర్నావాళ్లు వేశారు. వాళ్లు పుస్తకం రాయలేదు.

మన సంగతికి వస్తాను. నేను తెలుగు మేష్టర్ని కనక ముందు మాటలు పట్టుకుంటాను. ధాన్యానికి ఊక, బియ్యానికి తవుడు, వరికి గడ్డి, జొన్నకు చొప్ప, కందికి కట్టె, చెరకుకు పిప్పి, కొబ్బరికి పీచు, వేరుశనగకు పొట్టు, గింజ పట్టని కంకిలో తాలు. ఒక్కొక్క దానికి ఒక్కొక్క పేరు, ప్రతి పేరు వెనకా ఒక వాడుక. వీటన్నిటినీ కలిపి 'వ్యవసాయ వ్యర్థాలు' అంటున్నాం. మా అమ్మమ్మ నోట 'వ్యర్థం' అనే మాట నేను వినలేదు. వాడుకునేవాళ్లు పేర్లు పెట్టారు; పారేసేవాళ్లు అన్నిటికీ కలిపి ఒకే పేరు పెట్టారు. అయితే జనం మాటల్లో అంతా జనపక్షమే అనుకోవటం కూడా మన భ్రమ. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అనే సామెత చూడండి. అడుసు తొక్కటం తప్పించుకోదగిన పని అని, బుద్ధిలేనివాడు చేసే పని అని అది అనుకుంటుంది. గోడ కావలసినవాడు యేం చెయ్యాలి? నాటు వెయ్యవలసిన ఆడమనిషి యేం చెయ్యాలి? ఆ సామెత కట్టినవాడి యింటి అడుసు మరెవరో తొక్కి వుంటారు.

మన అభ్యుదయ కవులం పూరిగుడిసెను తెగ వాడుకున్నాం. మేడకు యెదురుగా దాన్ని నిలబెట్టి, దాని చిల్లులోంచి వెన్నెలను రానిచ్చి, దాని దీపం ఆరనిచ్చాం. మహాకట్టడాల రాళ్లు యెవరు మోశారని అడగటం శ్రీశ్రీ మనకు నేర్పాడు, బాగానే నేర్చుకున్నాం. కాని ఆ గుడిసె గోడ యెలా నిలబడిందని, దాని అడుసు యెవరు తొక్కారని మనం అడిగిన గుర్తు నాకు లేదు. గుడిసె మనకు దైన్యానికి గుర్తు, అంతే. అందులో నైపుణ్యం వుందని తోచనే తోచలేదు. యిందులో నేను యితరులను యెత్తిపొడవటం లేదు. నేను ఎం.ఏ. చదివే రోజుల్లో రాసిన రెండు కవితల్లోనూ ఆ గుడిసే వుంది, ఆ చిల్లే వుంది.

ఉద్యోగం వచ్చిన మూడో యేట, 2016లో, అమ్మమ్మ పేర ఒక గృహ పథకంలో యిల్లు మంజూరయింది. మట్టిగోడ వుంచి, పైకప్పు మార్చి, పునాది చుట్టూ గట్టు కట్టించుకుంటాననీ, ఆ డబ్బు దానికి యివ్వమనీ ఆమె అడిగింది. అలా కుదరదని చూడవచ్చిన వుద్యోగి చెప్పాడు. పునాది ఫొటో, గోడల ఫొటో, స్లాబు ఫొటో, ఒక్కొక్క ఫొటోకు ఒక్కొక్క బిల్లు. మట్టిగోడ ఫొటోకు బిల్లు లేదు. అతన్ని తప్పుపట్టను, రూలు అతను రాయలేదు. జనాభా లెక్కల్లో సైతం మట్టిగోడ, పచ్చి యిటుక గోడ తాత్కాలిక పదార్థాల పద్దులోకే పోతాయి. నలభై యేళ్లు నిలబడ్డ గోడ తాత్కాలికం. అమ్మమ్మను ఒప్పించినవాణ్ణి నేనే. "కాలం మారింది అమ్మమ్మా, యింకా యీ మట్టిలో యెందుకు?" అన్నాను. ఆ మాటలో ప్రేమ వుంది, సిగ్గు కూడా వుంది. నా తోటి లెక్చరర్లు ఆ యింటికి వస్తారేమోనన్న సిగ్గు. "సరే నాయనా, చదువుకున్నవాడివి" అన్నదామె.

కూల్చటానికి ఒక పూట చాలుననుకున్నాం. రెండు రోజులు పట్టింది. గునపం దిగలేదు. విరిగిన పెళ్లలో ఊక గింజ గింజగా, నిన్న చల్లినట్టు పచ్చగా మెరిసింది. గడ్డి పోయింది గాని, అది వున్న చోట సన్నని గొట్టాల్లాంటి ఖాళీలు మిగిలాయి. కింది రెండు మూరల మేర చెద దారులు కూడా కనబడ్డాయి. అది దాచను. ఆ మట్టి వృథా పోలేదు. పక్క రైతు పొలంలో చల్లుకోవటానికి తోలుకుపోయాడు. పాతగోడ మట్టి పైరుకు బలమని అక్కడ అందరికీ తెలుసు. తొక్కినవాళ్లలో బతికివున్న ముగ్గురూ అరుగు మీద కూర్చుని చూశారు.

కొత్త యింట్లో మే నెలలో స్లాబు కింద అమ్మమ్మ పడుకోలేకపోయింది. మంచం పశువుల కొట్టంలోకి మార్చుకుంది. గేదె అమ్మేశారు గనక కొట్టం ఖాళీగానే వుంది. మూడేళ్లు ఆ కొట్టంలోనే పడుకుని 2019లో చనిపోయింది. నన్ను యెప్పుడూ ఒక్క మాట అనలేదు.

యిదంతా చెప్పి, అందరం మళ్లీ మట్టిగోడలకు పోదామంటానని కొందరు విద్యార్థి మిత్రులు అనుమానించవచ్చు. అననండి. మట్టిగోడకు ముసురు శత్రువు, చెద శత్రువు, యెలకా తేలూ దాని అద్దెదార్లు. యేటా సంక్రాంతికి ముందు పేడా మట్టీ కలిపి గోడలు మెత్తే పని ఆడవాళ్ల నడుముల మీద పడుతుంది. చల్లదనాన్ని పొగిడే పట్నపు పెద్దమనుషులు ఆ పనిని పొగడరు. 'ప్రకృతి యిల్లు' అని యీ మధ్య డబ్బున్నవాళ్లు తోటల్లో మట్టియిళ్లు కట్టించుకుంటున్నారు. వాళ్ల మట్టిగోడ కళ, మా అమ్మమ్మ మట్టిగోడ దరిద్రం. గతంలోకి వెనక్కి పోవటం అభ్యుదయం కాదు. మరయితే సిమెంటు సంచీ కొనుక్కోవటమొక్కటే అభ్యుదయమా? ప్రపంచంలో మనుషులు గాలిలోకి వదిలే బొగ్గుపులుసు వాయువులో నూటికి 7, 8 పాళ్లు సిమెంటు తయారీవల్లనే వస్తుందని లెక్క. అడిగినన్ని సంచీలు కొనగలిగినవాడికి యే లోటూ లేదు. రెండు సంచీలు తక్కువయినవాడు యిసక యెక్కువ కలుపుతాడు. వాడి పక్కాయిల్లు పదేళ్లకు పెచ్చులూడుతుంది.

యీ రెంటికీ మధ్య దారి కోసం మన దేశంలో చేసిన పని తక్కువేం కాదు. రూర్కీలోని కేంద్ర కట్టడ పరిశోధన సంస్థ, తారును కిరసనాయిలుతో పలచబరిచి, గడ్డిపొట్టు కలిపిన మట్టిలో కలిపి, వానకు కరగని మట్టిపూత తయారుచేసింది. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 1974లో ఏ.కె.ఎన్. రెడ్డి చొరవతో పల్లెలకోసం ఒక విభాగం పుట్టింది. నూటికి అయిదు నించి యెనిమిది పాళ్లు సిమెంటు కలిపి, యంత్రంలో అదిమి, కాల్చకుండానే కట్టదగిన మట్టి దిమ్మలు వాళ్లు ప్రచారం చేశారు. ఊకబూడిద విషయంలో, 1970లలో అమెరికాలోని బర్క్‌లీలో పి.కె. మెహతా చేసిన కృషి ప్రసిద్ధం. 1980లలో కాన్పూరు ఐఐటీలో, ఊకను ఆరని సన్నమంట మీద కాల్చటానికి తీగెల బుట్ట మధ్య గొట్టం నిలబెట్టిన పొయ్యి తయారుచేశారు. దాన్ని వూళ్లో కమ్మరి చెయ్యగలడు. మా మిత్రుడి లాబొరేటరీ వెనక వున్న పొయ్యి దాని వరసదే. యిన్ని జరిగాయి. మరి మన వూళ్లలో ఊకబూడిద గోడ యెందుకు కనబడదు?

తప్పంతా పైవాళ్లదేనని తేల్చటం సులువు. పనిలోనే చిక్కులున్నాయి. మిల్లుల్లో బాయిలరు కింద ఊకే కాలుస్తారు, బూడిద గుట్టలుగా వస్తుంది. కాని ఆ మంటకు అదుపు లేదు. కొంత స్ఫటికమై మొద్దుబారుతుంది, కొంత సరిగా కాలక బొగ్గుగా నల్లగా మిగులుతుంది. యే రోజు బూడిద యెలాంటిదో తెలియదు. మా మిత్రుడు చెరకు పిప్పితో కూడా ప్రయత్నించాడు. పీచు బలంగానే వుంది గాని, అందులో మిగిలిన చక్కెర సిమెంటును గట్టిపడనివ్వలేదు. నాలుగు రోజుల తర్వాత కూడా దిమ్మ వేలు పెడితే దిగింది. వేడినీళ్లలో కడిగి ఆరబెట్టి మళ్లీ పోస్తే బిగిసింది. కొబ్బరిపీచు యిప్పుడు బలమిచ్చినా, సిమెంటులోని క్షారం దాన్ని లోలోపల తినేస్తుందట. యివన్నీ ఓపికగా, చోటుచోటుకు, పంటపంటకు తేల్చుకోవలసిన విషయాలు. అటువంటి ఓపికకు డబ్బు పెట్టేవాడు లేడు. ఎందుకంటే చివరికి తేలేది పేటెంటు కాదు, పేదవాడి గోడ.

రూళ్ల విషయం కూడా విచిత్రంగా వుంది. 2000లో వెలువడిన మన కాంక్రీటు నిబంధనావళి, ఐఎస్ 456, ఊకబూడిదను వాడవచ్చుననే అంటుంది. కావలసిన గుణమూ, అన్ని దఫాలా ఒకే తీరూ వుంటే, నిర్ణయాధికారి ఆమోదంతో. ఆ చివరి రెండు మాటల దగ్గర కథ ఆగిపోయింది. మా అమ్మమ్మ యే నిర్ణయాధికారి దగ్గరికి పోతుంది?

ధర సంగతి వీటన్నిటికన్న ముఖ్యం. అమ్మ చిన్నతనంలో మిల్లు దగ్గర ఊక తట్టలకెత్తుకుని పోవచ్చు. మోసుకుపోయినందుకు మిల్లువాళ్లే సంతోషించేవారట. తర్వాత యిటుక బట్టీలవాళ్లు కొనటం మొదలుపెట్టారు. యిటుకమట్టిలో ఊక కలిపితే అది బట్టీలో లోపలే కాలి, బొగ్గు ఆదా చేసి, గుల్లగా, తేలికగా యిటుకను మిగులుస్తుంది. మితిమీరితే యిటుక బలం చచ్చి నీళ్లు తాగుతుంది, అది వేరే సంగతి. ఆ తర్వాత ఊకతో కరెంటు తీసే కంపెనీలు వచ్చాయి. యిప్పుడు ఊక లారీల మీద తూకానికి పోతుంది. మా పిన్ని గోడ మెత్తటానికి ఒక బస్తా అడిగితే మిల్లు గుమాస్తా రేటు చెప్పాడు. పనికిరానిదని తేలినంతకాలం అది పేదవాడిది. పనికొస్తుందని తేలిన మరునాడు దానికి యజమాని పుడతాడు. సైన్సు చేసిన తప్పు కాదిది; అయినా సైన్సు చదివినవాళ్లు దీన్ని తమ లెక్కల్లో వేసుకోవాలి.

బట్టీల మాట వచ్చింది గనక చెప్పాలి. మా కాలేజీకి ఆరు కిలోమీటర్ల దూరాన బట్టీలున్నాయి. అక్కడ ఒడిశాలోని బలంగీర్, నువాపడ జిల్లాల నించి వచ్చిన కుటుంబాలు అడ్వాన్సు అప్పు తీరేదాకా అడుసు తొక్కుతాయి. తొక్కేది సంసారమంతా, లెక్కకు వచ్చేది ఒక్కడి పేరు. ఊక యిటుకలో కలవటం వల్ల బట్టీ యజమానికి బొగ్గు ఖర్చు తగ్గింది. వాళ్ల వెయ్యి యిటుకల రేటు అందువల్ల యేమీ పెరగలేదు.

మా మిత్రుడు తన దిమ్మలు నాలుగు వానలకు ఆగాక, ఒక కరపత్రం తెలుగులో రాసిపెట్టమన్నాడు. యిక్కడ నా చదువు బయటపడింది. మొదట రాసిన దాంట్లో 'మృత్తికా మిశ్రమం', 'తంతు పదార్థం', 'ఆర్ద్రత' అని వుంది. అమ్మకు చదివి వినిపించాను. సగం విని, "యిది యెవరికోసం రాశావురా?" అంది. మళ్లీ కూర్చున్నాం. ఆమె చెబుతూ వుంటే నేను రాశాను: మట్టి యెంత నానాలో చెయ్యి పెట్టి చూడటం; పిడికిట్లో ముద్ద నొక్కి, నడుమెత్తునించి వదిలితే యెన్ని పెళ్లలవుతుందో చూసి తడి తెలుసుకోవటం; గడ్డి యెన్ని అంగుళాలు నరకాలో వేళ్లతో కొలవటం. నేను ఎం.ఏ.లో నేర్చిన తెలుగు కన్న అది మేలయిన తెలుగు.

ఆ కరపత్రం పట్టుకుని, మూడు దిమ్మలు సంచీలో వేసుకుని, అమ్మమ్మ వూరి దగ్గరే వున్న పల్లెకు యిద్దరం వెళ్లాం. రామాలయం అరుగు మీద పదిహేను మంది దాకా కూర్చున్నారు, యెక్కువమంది ఆడవాళ్లు. మా మిత్రుడు చెప్పాడు, నేను చెప్పాను. దిమ్మను నీళ్ల బకెట్లో వేసి చూపించాం, కరగలేదు. మెచ్చుకున్నారు. తర్వాత ఒక నడివయసు మనిషి, పొద్దుటి కూలికి పోయి వచ్చిన మనిషి, కాళ్లింకా కడుక్కోలేదు, అడిగింది:

"మేష్టారూ, ఊక కొనాలి, సున్నం కొనాలి, బూడిద దంచాలి. మట్టి తొక్కటానికి పది రోజులు కూలి మానుకోవాలి. ఆ కూలి మీ కాగితంలో వేశారా?"

వెయ్యలేదు. మా మిత్రుడు నా మొహం చూశాడు, నేను కాగితం చూశాను. సామాన్ల ఖర్చు అంతా వుంది, కూలి గడిలో 'సొంత శ్రమ' అని రాసి సున్నా వేశాం.

"మా కూలి లెక్కెయ్యకపోతే యేదైనా చవకేనండీ" అందామె, కోపం లేకుండానే. పక్కనున్నావిడ అందుకుంది: "అదలా వుంచండి. యిది కట్టుకుంటే ఆఫీసువాళ్లు యిల్లని రాసుకుంటారా, గుడిసని రాసుకుంటారా? బిల్లు వస్తదా?"

ఆ రెంటికీ మా దగ్గర జవాబు లేదు. తెలుసుకుని వస్తామన్నాం. బస్సులో మా మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, మట్టి తొక్కే పనికి చేతిపంపులాగా తిప్పే చిన్న యంత్రం దొరుకుతుందేమో చూడాలన్నాడు. కూలి గడి నింపి కరపత్రం మళ్లీ అచ్చు వెయ్యాలన్నాను నేను. నింపి చూస్తే సిమెంటు యిటుక గోడకూ దీనికీ తేడా మేం అనుకున్నదాంట్లో సగం కూడా లేదు. అయినా ఆ అంకెతోనే అచ్చు వేయించాం. బిల్లు సంగతి జిల్లా కేంద్రంలో రెండుసార్లు అడిగాం. రాతపూర్వకంగా అర్జీ పెట్టమన్నారు, పెట్టాం. ఆ వూరివాళ్లు పదకొండుమంది అర్జీ మీద సంతకాలూ వేలిముద్రలూ పెట్టారు. అడిగిన ఆవిడే అందరి యిళ్లకూ తిరిగి పెట్టించింది.

యీలోగా మలివిడత దిమ్మలకు బూడిద కావలసి వచ్చింది. కాల్చుకోవటానికి ఊక కొనే స్తోమత మాకు లేదు గనక, మిల్లు వెనక కాలవగట్టున పోసిన బాయిలరు బూడిదే గతి. నల్లగా వుంటే యెక్కువసేపు దంచుకుందామన్నాడు మా మిత్రుడు. వెనక బెంచీ పిల్లవాడు కూడా సంచీలు పట్టుకుని మా వెంట వచ్చాడు. వాళ్ల నాన్న ఆ మిల్లులోనే హమాలీ అని అప్పుడు తెలిసింది. గుమాస్తా బయటికి వచ్చి మమ్మల్ని యెగాదిగా చూసి, "దేనికండీ బూడిద?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపల ఆ పిల్లవాడు, "కాలేజీలో పూలకుండీలకండీ" అన్నాడు.

"అయితే యెంత కావాలంటే అంత పట్టుకుపోండి" అని గుమాస్తా లోపలికి పోయాడు.

తొమ్మిది బస్తాలు నింపుకున్నాం.